ఎక్స్‌స్క్రీన్‌సేవర్ హ్యాక్‌లు, వాటి కమాండ్ లైన్ ఆప్షన్లు: చాలాకాలం వాడాక ఒక సమీక్ష

లినక్స్‌లో స్క్రీన్‌సేవర్లను నడిపే ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌ను తెరకు తాళం వేసే సాధనంగా మాత్రమే వాడుకునేవారికి ఈ సమీక్ష వల్ల పెద్దగా ఉపయోగం ఉండకపోవచ్చు. నేను రాస్తున్నది అందులో బొమ్మలు గీసే, హ్యాక్‌లు అని పిలిచే చిన్న చిన్న ప్రోగ్రాముల గురించి, మరీ ముఖ్యంగా టెర్మినల్ నుంచి వాటికి ఇవ్వగలిగిన ఆప్షన్ల గురించి. లినక్స్‌లో ఏళ్ల తరబడి వీటిని నడుపుతూ వచ్చాక నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. ఇన్‌స్టాల్ చేయగానే కనిపించే బొమ్మను చూసి ఏ హ్యాక్ మంచిదో, ఏది కాదో తేల్చేయకూడదు. ఆ బొమ్మను పుట్టించే సూత్రానికి మనం అందించే అంకెలు మారితే అదే ప్రోగ్రాము వేరే ప్రోగ్రాము అన్నంతగా మారిపోతుంది. ఆ అంకెలను మార్చడానికి సెట్టింగ్స్ విండో ఉన్న మాట నిజమే గానీ, వాటి స్వభావం తెలియాలంటే కమాండ్ లైన్ దగ్గరికి రావలసిందే.

జేమీ జవిన్‌స్కీ 1992లో మొదట విడుదల చేసిన ఈ సంకలనంలో ఇప్పుడు 200కు పైగా హ్యాక్‌లు ఉన్నాయి. వాటిలో ప్రతి ఒక్కటీ స్వతంత్రంగా నడవగలిగే ప్రోగ్రామే. తాళం వేసే డీమన్ (వెనుక ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రాము) నడుస్తున్నా, లేకపోయినా, టెర్మినల్‌లో పేరు కొడితే సొంత విండో తెరుచుకుని అందులో గీయడం మొదలుపెడుతుంది. అయితే ఇవి మామూలు కమాండ్లు ఉండే చోట ఉండవు. చాలా డిస్ట్రిబ్యూషన్లలో యూఎస్ఆర్ కింద లిబ్‌లోనో, లిబ్‌ఎగ్జెక్‌లోనో ఎక్స్‌స్క్రీన్‌సేవర్ పేరుతో ఉన్న డైరెక్టరీలో ఉంటాయి కాబట్టి పూర్తి పాత్ ఇవ్వాలి, లేదా ఆ డైరెక్టరీని షెల్ పాత్‌లో చేర్చుకోవాలి. తరచుగా ప్రయోగాలు చేసేవారికి రెండోదే నయం. విండో మూసేయడానికి క్యూ కీ గానీ ఎస్కేప్ గానీ నొక్కితే చాలు.

ఇక్కడ ఆప్షన్ల పేర్లను పలికే తీరులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ప్రతి పేరుకూ ముందు హైఫన్ పెట్టాలి. కొత్త వెర్షన్ల మాన్ పేజీలలో, అంటే టెర్మినల్‌లో చదువుకునే సహాయ పత్రాలలో, రెండేసి హైఫన్లు కనిపిస్తాయి గానీ, ఒక్కటి పెట్టినా ప్రోగ్రాము కాదనదు. ఏ హ్యాక్‌కు ఏయే ఆప్షన్లు ఉన్నాయో తెలుసుకోవడానికి మాన్ పేజీ చదవడం ఒక దారి. అంతకంటే వేగమైన దారి ఇంకొకటి ఉంది: ఆ హ్యాక్‌కు తెలియని ఆప్షన్ ఏదైనా ఇచ్చి నడిపితే, అది బొమ్మ గీయకుండా, తాను గుర్తించే ఆప్షన్లన్నిటినీ టెర్మినల్‌లో వరుసగా రాసి ఆగిపోతుంది. విలువ అవసరమైన ఆప్షన్ ఏదో, ఒంటరిగా నిలిచేది ఏదో కూడా ఆ జాబితాలోనే తెలుస్తుంది. మాన్ పేజీ పాతబడిపోయినా ప్రోగ్రాములోంచే వచ్చే ఈ జాబితా పాతబడదు కాబట్టి, నేను ముందుగా దీన్నే చూస్తాను.

అన్ని హ్యాక్‌లకూ ఉమ్మడిగా ఉన్న ఆప్షన్లు కొద్దే. మోనో, ఇన్‌స్టాల్, విజువల్ అనేవి తెరపై 256 రంగులే వీలయ్యే రోజుల్లో చాలా ముఖ్యమైనవి; ఇవాళ్టి ట్రూకలర్ తెరలమీద వాటి అవసరం దాదాపు రాదు. జియోమెట్రీ మాత్రం రోజూ పనికొస్తుంది. దానితో విండో వెడల్పు, ఎత్తు, తెరపై దాని స్థానం నిర్ణయించి, ఒకే హ్యాక్‌ను రెండు రకాల విలువలతో పక్కపక్కనే నడిపి పోల్చుకోవచ్చు. నా దృష్టిలో కమాండ్ లైన్ వల్ల కలిగే అతిపెద్ద సౌకర్యం ఇదే. సెట్టింగ్స్ విండోలోని ప్రివ్యూ ఒక్కసారికి ఒక్క బొమ్మనే చూపిస్తుంది. ఒక విలువ మార్చాక పాత విలువతో బొమ్మ ఎలా ఉండేదో జ్ఞాపకంమీద ఆధారపడి చెప్పుకోవాల్సి వస్తుంది. రెండు విండోలు ఎదురుగా ఉన్నప్పుడు ఆ ఇబ్బంది ఉండదు.

రూట్ అనే ఆప్షన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినవారిని ఎక్కువగా తికమక పెట్టేది అదే. దాన్ని ఇస్తే హ్యాక్ సొంత విండో తెరవకుండా డెస్క్‌టాప్ వెనుక ఉండే రూట్ విండోమీద గీయాలి. కానీ ఇప్పటి డెస్క్‌టాప్‌లు చాలావరకు వాల్‌పేపర్‌నూ ఐకాన్లనూ చూపడానికి రూట్ విండోను పూర్తిగా కప్పేస్తూ మరో విండోను పరుస్తాయి. దాంతో హ్యాక్ నిజంగానే గీస్తున్నా, ప్రాసెసర్‌ను వాడుతున్నా, తెరమీద ఏమీ కనపడదు. స్క్రీన్‌సేవర్‌గా నడిచేటప్పుడు మాత్రం కథ వేరు: డీమన్ తాను సృష్టించిన నిండు తెర విండో సంఖ్యను ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా హ్యాక్‌కు అందిస్తుంది, రూట్ ఆప్షన్ ఉన్న హ్యాక్ ఆ విండోనే రూట్ అనుకుని అందులో గీస్తుంది. అందుకే టెర్మినల్ ప్రయోగాలలో రూట్ పెట్టకూడదు, కాన్ఫిగరేషన్ ఫైలులో రూట్ మరవకూడదు. విండో-ఐడీ అనే ఇంకో ఆప్షన్‌తో ఏ విండో సంఖ్యనిస్తే అందులో గీయించవచ్చు; కదిలే వాల్‌పేపర్ కావాలనుకునేవారు ఎక్స్‌విన్‌ర్యాప్ లాంటి సాధనాలతో కలిపి దీన్ని వాడుకుంటారు. పాత ఎక్స్ విండో వ్యవస్థ స్థానంలో వచ్చిన వేల్యాండ్ సెషన్‌లో రూట్ విండో అన్న భావనే వర్తించదు గానీ, ఎక్స్ ప్రోగ్రాములను అందులో నడిపించే ఎక్స్‌వేల్యాండ్ ఉంటే మామూలు విండోగా హ్యాక్‌లు చక్కగానే నడుస్తాయి.

ఇక డిలే, ఎఫ్‌పీఎస్. ఈ రెండింటినీ కలిపే అర్థం చేసుకోవాలి. కదులుతూ ఉండే హ్యాక్‌లలో డిలే అంటే ఒక ఫ్రేముకూ తరువాతి ఫ్రేముకూ మధ్య ప్రోగ్రాము నిద్రపోయే సమయం. దాన్ని మైక్రోసెకన్లలో ఇవ్వాలి. 10000 అంటే సెకనులో నూరో వంతు. 30000 ఇస్తే, గీయడానికి అసలు సమయమే పట్టదనుకున్నా సెకనుకు 33 ఫ్రేములకు మించి రావు. ఇది వేగాన్ని నేరుగా నిర్ణయించే అంకె కాదని, విశ్రాంతిని నిర్ణయించే అంకె అని గుర్తుంచుకుంటే చాలా సందేహాలు తీరిపోతాయి. గీయడానికే 50 మిల్లీసెకన్లు తీసుకునే బరువైన బొమ్మకు డిలేను 30000 నుంచి సున్నాకు తగ్గించినా, సెకనుకు 12 దగ్గర ఉన్న ఫ్రేములు 20కి చేరతాయంతే. ఆ పైన అది ఎక్కదు.

ఇది తెలియజెప్పేది ఎఫ్‌పీఎస్. ఈ ఆప్షన్ ఇస్తే బొమ్మమీదే ఒక మూల సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో, లోడ్ ఎంత శాతమో, త్రిమితీయ బొమ్మలు గీయడానికి వాడే ఓపెన్‌జీఎల్‌తో గీసే హ్యాక్ అయితే పాలిగాన్ల సంఖ్య ఎంతో కనిపిస్తుంది. లోడ్ 10 శాతం దగ్గర ఉంటే ప్రోగ్రాము ఎక్కువసేపు నిద్రలోనే ఉందని అర్థం. డిలే తగ్గించి కదలికను ఇంకా నునుపు చేసుకోవచ్చు. 100 శాతం దగ్గర ఉంటే డిలేతో చేయగలిగింది ఏమీ లేదు. బొమ్మలోని వస్తువుల సంఖ్యనో, సూక్ష్మతనో తగ్గించాలి. అయితే ఈ లోడ్ అంకెను ఎంతవరకు నమ్మాలన్నది తెలిసి ఉండాలి. ప్రోగ్రాము తానుగా నిద్రపోని సమయాన్నంతా అది పనిగానే లెక్కిస్తుంది. ఓపెన్‌జీఎల్ హ్యాక్ తెర రిఫ్రెష్ అయ్యేదాకా డ్రైవర్ దగ్గర వేచి ఉండే సమయం కూడా అందులో చేరిపోతుంది కాబట్టి, మూలన 90 శాతం కనిపిస్తున్నా పక్క టెర్మినల్‌లో టాప్ కమాండ్ చాలా తక్కువ వాడకాన్ని చూపించవచ్చు. బ్యాటరీ గురించి ఆలోచించేవారు టాప్‌నే నమ్మాలి.

సెట్టింగ్స్ విండోలో ఇదే డిలే చాలా హ్యాక్‌లకు ఫ్రేమ్ రేట్ అనే పేరుతో, తక్కువ నుంచి ఎక్కువ వరకు జరిగే స్లైడర్‌గా కనిపిస్తుంది. ప్రతి హ్యాక్‌కూ ఉన్న ఎక్స్ఎంఎల్ ఫైలులో ఆ స్లైడర్‌కు కనిష్ఠ, గరిష్ఠ విలువలతో పాటు దాన్ని తలకిందులు చేయమనే సూచన కూడా రాసి ఉంటుంది. అందువల్ల స్లైడర్‌ను కుడివైపు జరిపితే కమాండ్‌లోని అంకె తగ్గుతుంది. చూసేవారికి అది సహజంగానే తోస్తుంది, మంచి ఏర్పాటే. కానీ కమాండ్ లైన్‌కు వచ్చినవారు మాత్రం పెద్ద అంకె అంటే నెమ్మది అని అలవాటు పడాలి. ఆ ఎక్స్ఎంఎల్ ఫైళ్లు తెరిచి చదవడం వల్ల ఇంకో లాభం ఉంది: ప్రతి అంకెకూ రచయితలు సమంజసం అనుకున్న పరిధి ఎంతో తెలుస్తుంది. కమాండ్ లైన్ ఆ పరిధికి కట్టుబడదు. దాన్ని దాటి కూడా ఇవ్వవచ్చు, ఫలితాన్ని భరించగలిగితే.

నాకు నిజంగా నచ్చని విషయం కూడా డిలే దగ్గరే ఉంది. బొమ్మ పూర్తిగా గీసి, కాసేపు ఆగి, తుడిచేసి, మళ్లీ మొదలుపెట్టే హ్యాక్‌లు కొన్ని ఉన్నాయి. డెకో, రోర్షాక్, మోయిరే అలాంటివి. వాటిలో డిలే అంటే ఫ్రేముల మధ్య విరామం కాదు, పూర్తయిన బొమ్మ తెరపై నిలిచి ఉండే కాలం. దాని కొలత సెకన్లు, డిఫాల్ట్ 5. అంటే డిలేను మైక్రోసెకన్లలోనే తీసుకునే క్విక్స్ అనే హ్యాక్‌కు ఇచ్చే అలవాటు మీద డెకోకు కూడా డిలే 20000 అని ఇస్తే, మొదటి బొమ్మ అయిదున్నర గంటలకు పైగా కదలకుండా ఉండిపోతుంది. తెరను కదిలిస్తూ ఉండడానికి పుట్టిన ప్రోగ్రాము ఒకే చిత్రాన్ని అంతసేపు పట్టుకుని కూర్చోవడం ఎవరికీ పనికిరాదు. ఒకే పేరుకు రెండు కొలతలు ఉండడం ఇంత పాత సంకలనంలో ఇప్పుడు మార్చలేని విషయమని నాకు తెలుసు. ఎందరివో కాన్ఫిగరేషన్ ఫైళ్లు దానిమీద ఆధారపడి ఉన్నాయి. అయినా వ్యవధికి వేరే పేరు ఉండి ఉంటే ఎంతో బాగుండేది. మేజ్ హ్యాక్‌లో సాల్వ్-డిలే, ప్రీ-డిలే, పోస్ట్-డిలే అని దేనికదే విడదీసి పేర్లు పెట్టారు. అది చూస్తే ఈ గందరగోళం తప్పనిసరేమీ కాదని అర్థమవుతుంది.

కౌంట్, సైకిల్స్ అనే పేర్ల పరిస్థితి ఇంకొంచెం భిన్నం. ఎక్స్‌లాక్ అనే మరో తెర తాళం ప్రోగ్రాము వంశం నుంచి వచ్చిన హ్యాక్‌లలో ఇవి తరచుగా కనిపిస్తాయి. హ్యాక్‌ను బట్టి అర్థం మారుతుంది. హోపలాంగ్‌ను తీసుకోండి. బ్యారీ మార్టిన్ సూత్రంతో ఒక బిందువు నుంచి తరువాతి బిందువును లెక్కిస్తూ, చుక్కలు చుక్కలుగా పెద్ద అల్లికను పరుస్తుంది. సూత్రం మూడు స్థిరాంకాలతో, ఒక వర్గమూలంతో ముగిసిపోయేంత చిన్నది. ఇందులో కౌంట్ అంటే ఒక్కో అడుగులో వేసే చుక్కల సంఖ్య, సైకిల్స్ అంటే తెర తుడిచి కొత్త స్థిరాంకాలతో మొదలుపెట్టే ముందు వేసే అడుగుల సంఖ్య. కౌంట్ 1000, సైకిల్స్ 2500, డిలే 10000 అనుకుంటే ఒక బొమ్మకు 25 లక్షల చుక్కలు, నిద్రాకాలమే 25 సెకన్లు. ఈ లెక్క ఒకసారి వేసుకున్నాక నేను కౌంట్‌ను తగ్గించి సైకిల్స్‌ను బాగా పెంచాను. మొత్తం చుక్కలు అన్నే ఉన్నా, అల్లిక కళ్లముందు నెమ్మదిగా విచ్చుకుంటుంది. మధ్యలో ఒక చిన్న గుంపుగా మొదలై, దాని చుట్టూ పొరలు పొరలుగా పెరిగే తీరు డిఫాల్ట్ వేగంలో కంటికి అందదు. రంగుల సంఖ్యను చెప్పే ఎన్‌కలర్స్‌ను 200 నుంచి పాతికకు దించితే పొరల మధ్య సరిహద్దులు ఇంకా స్పష్టంగా విడిపోతాయి. ఇదే హ్యాక్‌లో మార్టిన్, పాప్‌కార్న్, జాంగ్, సైన్ వంటి ఆప్షన్లతో సూత్రాన్నే ఎంచుకోవచ్చు. ఏదీ ఎంచుకోకపోతే అది తానే ఒకటి తీసుకుంటుంది కాబట్టి, అంకెల ప్రభావాన్ని పోల్చి చూడాలనుకున్నప్పుడు ముందు సూత్రాన్ని ఒకదానికి కట్టేయడం అవసరం.

ఈ వంశపు హ్యాక్‌లలో మరో ఏర్పాటు ఉంది, మాన్ పేజీలు దాన్ని తగినంతగా వివరించవు. కొన్నింటిలో కౌంట్‌కు రుణ సంఖ్య ఇవ్వవచ్చు. గెలాక్సీలో మైనస్ 5 అంటే తప్పు కాదు. ప్రతిసారీ 5కు మించకుండా యాదృచ్ఛికంగా ఒక సంఖ్య ఎంచుకోమని అర్థం. ధన సంఖ్య ఇస్తే ఎప్పుడూ అన్నే వస్తాయి. ఎక్కువ రోజులు ఒకే హ్యాక్‌ను పెట్టుకునేవారికి రుణ సంఖ్యే మంచిది, చూసిన బొమ్మే మళ్లీ చూస్తున్నామన్న విసుగు తగ్గుతుంది.

నేను అన్నిటికంటే ఎక్కువకాలం వాడింది సబ్‌స్ట్రేట్. జారెడ్ టార్బెల్ రూపొందించిన ఒక చిత్ర పద్ధతిని ఈ సంకలనానికి తగినట్లు మలిచారు. ఖాళీ తెరమీద కొన్ని పగుళ్లు సరళరేఖలుగా సాగుతాయి. ఒక పగులు ఇంకొకదాన్ని గానీ, తెర అంచును గానీ తాకగానే ఆగిపోతుంది. అప్పుడు ఇప్పటికే ఉన్న ఏదో ఒక పగులునుంచి దాదాపు లంబకోణంలో కొత్తది బయలుదేరుతుంది. ప్రతి పగులు పక్కనా రంగు ఇసుక చల్లినట్లుగా పలుచని ఛాయ పరుచుకుంటుంది. ఇంతే నియమం. కాసేపట్లో అది పైనుంచి చూసిన నగర పటంలా తయారవుతుంది.

ఇందులో ఆప్షన్లన్నీ ఆ నియమంలోని ఒక్కో భాగాన్ని పట్టుకుని ఉంటాయి, అందుకే నాకు ఇది ఆదర్శంగా అనిపిస్తుంది. ఇనీషియల్-క్రాక్స్ డిఫాల్ట్ 3. దాన్ని 1కి తగ్గిస్తే మొదటి గీత తెరను అడ్డంగా చీల్చేస్తుంది. తరువాతి గీతలన్నీ దానికి లంబంగానో సమాంతరంగానో పుట్టి, మొత్తం బొమ్మ ఒకే దిశకు ఒదిగిన గళ్లలా వస్తుంది. 20కి పెంచితే ఎక్కడికక్కడ వేరు వేరు దిశల్లో గళ్లు ఏర్పడి, అవి కలుసుకునే చోట మూడు మూలల ముక్కలు, పదునైన కోణాలు కనిపిస్తాయి. సర్కిల్-పర్సెంట్ అనేది ఎంత శాతం పగుళ్లు వంపు తిరగాలో చెబుతుంది. సున్నా ఇస్తే వంపు అనేదే ఉండదు. 100 ఇస్తే గీతలన్నీ వంపుతో సాగి, ఒకదాని కడుపులో ఒకటి ఇమిడిన చాపాలతో తెర నిండిపోతుంది. నాకు నచ్చింది 8 లేదా 10: గళ్ల మధ్య అక్కడక్కడా ఒక పెద్ద వంపు వచ్చి, ఆ ఒక్కదాని చుట్టూ గళ్లు సర్దుకోవడం చూడడానికి ఎంతో బాగుంటుంది. శాండ్-గ్రెయిన్స్ ఛాయ సాంద్రతను మారుస్తుంది, వైర్‌ఫ్రేమ్ ఇస్తే ఇసుక పూర్తిగా ఆగిపోయి గీతలు మాత్రమే మిగులుతాయి. పాత ల్యాప్‌టాప్‌మీద ఇసుక వల్లనే ఎక్కువ భారం పడుతుంది కాబట్టి, వైర్‌ఫ్రేమ్‌తో నడిపి చూడడం మొదటి వైద్యం.

ఇక్కడ ఫ్రేముల విరామానికి గ్రోత్-డిలే అనే సొంత పేరు ఉంది, డిఫాల్ట్ 18000 మైక్రోసెకన్లు. మ్యాక్స్-సైకిల్స్ డిఫాల్ట్ 10000. రెండూ గుణిస్తే ఒక బొమ్మ మూడు నిమిషాల పాటు పెరుగుతుందని తేలుతుంది. పెద్ద తెరమీద ఆ మూడు నిమిషాలు చాలవు. బొమ్మ ఇంకా చిక్కబడుతుండగానే తుడిచిపెట్టుకుపోతుంది. మ్యాక్స్-సైకిల్స్‌ను 40000 చేసి, గ్రోత్-డిలేను అలాగే ఉంచాను. మొదటి గీతలు ఎంత తొందరలేకుండా సాగుతాయో, చివరి చిన్న గళ్లు కూడా అలాగే నిండుతాయి. తొందరగా నిండాలని గ్రోత్-డిలేను సున్నా చేసినవారు ఈ హ్యాక్‌లోని అందమంతా వదులుకున్నట్లే, పెరుగుదలే ఇందులో చూడవలసింది.

అంకెలు ప్రాసెసర్‌మీద ఎలా పడతాయో నేర్చుకోవడానికి అట్రాక్షన్‌ను మించింది లేదు. కొన్ని బిందువులు దూరంగా ఉన్నప్పుడు పరస్పరం ఆకర్షించుకుంటాయి, మరీ దగ్గరైతే వికర్షించుకుంటాయి. ఆ మలుపు వచ్చే దూరాన్ని పిక్సెళ్లలో థ్రెషోల్డ్ నిర్ణయిస్తుంది. పాయింట్స్ బిందువుల సంఖ్య. ప్రతి బిందువుకూ మిగతా అన్నిటితోనూ లెక్క కట్టాలి కాబట్టి పని వర్గ నిష్పత్తిలో పెరుగుతుంది: 30 బిందువులకు 435 జతలు, 300 బిందువులకు 44,850. పది రెట్ల బిందువులకు నూరు రెట్ల పని. ఎఫ్‌పీఎస్ పెట్టి పాయింట్స్ పెంచుకుంటూ పోతే లోడ్ అంకె ఈ లెక్కనే చెబుతుంది. మోడ్ ఆప్షన్‌తో అవే బిందువులను బంతులుగా, గీతలుగా, బహుభుజిగా, వంపు రేఖలుగా, వెనుక తోకలతో చూడవచ్చు. వంపు రేఖల మోడ్‌లో సెగ్మెంట్స్‌ను పెంచితే పాత రేఖలు ఎక్కువసేపు తెరపై నిలిచి పట్టు వస్త్రం మడతల్లా కనిపిస్తాయి. విస్కాసిటీ డిఫాల్ట్ 1, అంటే నిరోధం లేదు, దాన్ని 0.8కి తగ్గిస్తే బిందువుల వేగం ఇంకిపోతూ కొంతసేపటికి అన్నీ ఒక గుంపుగా స్థిరపడతాయి. 1 కన్నా ఎక్కువ ఇవ్వడంలో అర్థం లేదు. ఆర్బిట్ ఇస్తే ఆరంభంలోనే వలయంగా తిరుగుతూ బయలుదేరతాయి. తక్కువ బిందువులు, ఆర్బిట్, వంపు రేఖలు, కొంచెం పెద్ద డిలే: ఈ కలయిక పని చేస్తున్నప్పుడు రెండో తెరమీద పెట్టుకోవడానికి కూడా బాగుంటుంది, కంటిని లాగదు.

డెకోలో డిలే గొడవ పక్కన పెడితే, దీర్ఘచతురస్రాలను ముక్కలు చేసుకుంటూ పోయే ఆ చిన్న ప్రోగ్రాములో రెండు ఆప్షన్లు మంచివి. గోల్డెన్-రేషియో ఇస్తే సగానికి కాక సుమారు 0.618 నిష్పత్తిలో విభజిస్తుంది; ఒక్క అంకె తేడాతో యాంత్రికంగా ఉన్న బొమ్మకు తూకం వస్తుంది. మాండ్రియన్ ఇస్తే ఆ చిత్రకారుడి శైలిని అనుసరిస్తుంది, అయితే అప్పుడు గీత మందం, కనిష్ఠ వెడల్పు, ఎత్తు, మ్యాక్స్-డెప్త్ విలువలను అదే నిర్ణయించుకుంటుంది. మనం ఇచ్చినవి చెల్లవు. పలకలు పరిచే పెన్‌రోజ్ హ్యాక్‌లో సైజ్, ఆ పలకలమీద గీసే అమ్మాన్ గీతలు తప్ప మార్చడానికి పెద్దగా ఏమీ లేదు, అక్కర్లేదు కూడా.

త్రిమితీయ హ్యాక్‌లలో, తెగకుండా స్థలాన్నంతా నింపే వక్రాన్ని గీసే హిల్బర్ట్ ఒక్కదాన్ని చెబుతాను. స్పీడ్, స్పిన్, వాండర్ లాంటివి ఓపెన్‌జీఎల్ హ్యాక్‌లు చాలావాటిలో ఉంటాయి, పేరుకు తగిన పనే చేస్తాయి. హిల్బర్ట్‌లో లోతుగా ఆలోచించవలసింది మ్యాక్స్-డెప్త్. సమతలంలో ఒక్కో మెట్టుకు బిందువులు నాలుగు రెట్లు, ఘనంలో ఎనిమిది రెట్లు అవుతాయి. లోతు 5 దగ్గర సమతల వక్రానికి 1024 బిందువులే. అదే లోతులో ఘన వక్రానికి 32,768, ఇంకొక్క మెట్టు ఎక్కితే 2,62,144. ఒకే ఆప్షన్, ఒకే అంకె, పక్కన రెండు-డీ అని ఉందా, మూడు-డీ అని ఉందా అన్నదాన్ని బట్టి హాయిగా నడుస్తుంది లేదా మొరాయిస్తుంది. ఎఫ్‌పీఎస్ చూపే పాలిగాన్ల సంఖ్యను ఇక్కడ కనిపెట్టి ఉండాలి. భరించలేనప్పుడు వైర్‌ఫ్రేమ్ ఆదుకుంటుంది.

టెర్మినల్‌లో కుదిరిన విలువలను స్క్రీన్‌సేవర్‌కు అప్పగించడం తేలికే. సెట్టింగ్స్ విండోలో అడ్వాన్స్‌డ్ అనే బటన్ నొక్కితే స్లైడర్ల చోట కమాండ్ లైన్ ఉన్నదున్నట్లు కనిపిస్తుంది. రూట్‌ను అలాగే ఉంచి, మనం తేల్చుకున్న ఆప్షన్లను దాని తరువాత రాయాలి. లేదా హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌స్క్రీన్‌సేవర్ ఫైలును ఎడిటర్‌లో తెరిచి, ప్రోగ్రామ్స్ అనే జాబితాలో ఆ వరుసను మార్చవచ్చు. ఫైలు మారిందని గమనించి డీమన్ దాన్ని మళ్లీ చదువుకుంటుంది. ఈ ఫైలువల్ల నాకు ఎక్కువగా కలిసివచ్చింది ఒకే హ్యాక్‌ను వేరు వేరు ఆప్షన్లతో ఎన్ని వరుసలుగానైనా పెట్టుకోగలగడం. నా జాబితాలో సబ్‌స్ట్రేట్ వంపులు లేకుండా ఒకసారి, వంపులతో ఒకసారి, ఇసుక లేకుండా ఒకసారి ఉంది. యాదృచ్ఛికంగా ఎంచుకునేటప్పుడు మూడూ మూడు హ్యాక్‌లుగానే లెక్క. వరుస మొదట్లో హైఫన్ ఉంటే ఆ వరుస నిలిపివేసినట్లని గుర్తుంచుకోవాలి.

ఇంకో మార్గం ఎక్స్ రిసోర్సులు, అంటే ఎక్స్ విండో వ్యవస్థ ప్రోగ్రాములకు అందించే సెట్టింగులు. ప్రతి ఆప్షన్ వెనుకా ఒక రిసోర్సు ఉంటుంది, మ్యాక్స్-డెప్త్ అనే ఆప్షన్ వెనుక హైఫన్ లేని మ్యాక్స్‌డెప్త్ ఉన్నట్లు. ఎక్స్ఆర్‌డీబీ అనే కమాండ్‌తో వాటిని ఎక్కిస్తే కమాండ్‌లో ఏమీ రాయకుండానే విలువలు మారతాయి. నేను ఈ మార్గాన్ని సిఫారసు చేయను. కొన్నాళ్ల తరువాత బొమ్మ ఎందుకు వేరుగా ఉందో వెతుక్కోవలసి వచ్చినప్పుడు, కమాండ్‌లోనూ ఫైలులోనూ కనిపించని విలువ మరెక్కడో దాగి ఉండడం చికాకు.

టెర్మినల్‌లో చూసిన భారం, స్క్రీన్‌సేవర్‌గా పడే భారం ఒకటి కాదన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. డీమన్ హ్యాక్‌లను నైస్ విలువ 10తో, తక్కువ ప్రాధాన్యంతో నడుపుతుంది. వెనుక కంపైలింగ్ లాంటిది జరుగుతుంటే హ్యాక్ తగ్గి దారి ఇస్తుంది. మరోవైపు ఒక్కో మానిటర్‌కు ఒక్కో ప్రాసెస్ నడుస్తుంది. చిన్న విండోలో 20 శాతం చూపిన హ్యాక్ రెండు పెద్ద తెరలమీద ఏం చేస్తుందో ముందే ఊహించి, విండోను ఒకసారి తెర మొత్తానికి పెంచి ఎఫ్‌పీఎస్ చూసుకుని ఆ తరువాతే జాబితాలో చేర్చాలి.

ఇంతకాలం వాడాక కూడా నాకు తీరని కొరత ఒకటి ఉంది. బొమ్మ పుట్టుకకు కారణమైన యాదృచ్ఛిక సంఖ్యల బీజాన్ని ఇచ్చే ఆప్షన్ ఉమ్మడిగా లేదు. ప్రతిసారీ అది కొత్తగా మొదలవుతుంది. అపురూపమైన సబ్‌స్ట్రేట్ పటమో, హోపలాంగ్ అల్లికో కనిపించినప్పుడు అవే ఆప్షన్లతో మళ్లీ నడిపినా అది తిరిగి రాదు. పోలికలు చేయడానికీ ఇది అడ్డంకే, రెండు విండోల్లో తేడా ఆప్షన్ వల్ల వచ్చిందా, బీజం వల్ల వచ్చిందా అన్నది ఒక్కసారి చూసి చెప్పలేం. చాలాసార్లు నడిపి సగటున ఒక అభిప్రాయానికి రావాలి. చాలా హ్యాక్‌లలో స్పేస్ కీ నొక్కితే కొత్త బొమ్మతో మొదలవుతుంది కాబట్టి ఆ పని కొంత సులువవుతుందంతే.

అయినా ఈ ఆప్షన్ల విషయంలో నేను ఎక్కువగా గౌరవించేది వాటి స్థిరత్వాన్ని. 2021లో వచ్చిన 6.00 వెర్షన్‌లో తాళం వేసే డీమన్‌ను విడివిడి భాగాలుగా విభజించి పెద్ద ఎత్తున తిరగరాశారు. నేను అంతకు ఎంతోకాలం ముందు రాసుకున్న సబ్‌స్ట్రేట్, అట్రాక్షన్ వరుసలు ఒక్క అక్షరం మార్చే అవసరం లేకుండా ఆ తరువాత కూడా అలాగే నడుస్తున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారు రెండు వందల హ్యాక్‌లనూ చూడబోకుండా, సబ్‌స్ట్రేట్‌ను ఒక చిన్న విండోలో ఎఫ్‌పీఎస్‌తో తెరిచి, ఒకసారికి ఒక్క ఆప్షన్ మాత్రమే మారుస్తూ వెళ్లమని నా సలహా.